చెవిలో హోరు: సుశ్రుతుడి నుంచి నా దాకా

చెవిలో గుయ్యిమనే మోతని డాక్టర్లు టిన్నిటస్ అంటారు. నాకున్న రకం ఇంకాస్త తిక్కది. బయట శబ్దం పెరిగితే లోపలి మోత దానితో పోటీ పడుతుంది. కుక్కర్ కూత, మిక్సీ, కాన్ఫరెన్స్ కాల్లో ఎవరో గట్టిగా నవ్వడం, ఏదైనా చాలు. ఆ తర్వాత గంటసేపు కోడ్ తలకెక్కదు. పైకి ఏమీ కనిపించని జబ్బు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేం. అందుకే నాకంటే ముందు ఎవరెవరు దీంతో వేగారో వెతికాను.

మనవాళ్ళకిది కొత్త కాదు. సుశ్రుత సంహిత చెప్పిన 28 చెవి రోగాల్లో ఇదీ ఉంది. భేరి, మృదంగం, శంఖం లాంటి మోతలైతే కర్ణనాదం, వేణువులా ఉంటే కర్ణక్ష్వేడం. నాది రెండోది. వేణువే గానీ, ఆపేవాడే లేడు!

బీథోవెన్ 1801లో మిత్రుడు వెగెలర్‌కి రాసిన ఉత్తరంలో చెవులు రాత్రింబవళ్ళు హోరెత్తుతున్నాయని వాపోయాడు. మెల్లగా మాట్లాడితే మాటలు అందవట, ఎవరైనా అరిస్తే భరించలేడట. 1809లో నెపోలియన్ సేన వియన్నాపై ఫిరంగులు పేల్చినప్పుడు తమ్ముడింటి నేలమాళిగలో తలకి దిండ్లు అదుముకుని గడిపాడని శిష్యుడు రీస్ రాశాడు. ఆ దిండ్లు నాకు బాగా తెలుసు.

మరి వైద్యం? పారిస్ డాక్టరు ఇటార్ 1821లో తన పుస్తకంలో ఓ చిట్కా చెప్పాడు: లోపలి మోత పోకపోతే అలాంటి బయటి శబ్దంతోనే కప్పెయ్యమని. హోరైతే పెద్ద మంట పక్కన, సన్నటి కూతైతే పచ్చి కట్టెల మంట పక్కన కూర్చోమన్నాడు. కానీ నాలాంటి వాళ్ళకి కప్పబోతే మోత ఇంకా లేస్తుంది.

పోనీ నిశ్శబ్దమా? 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు, వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టారు. 94 శాతం మందికి ఏదో ఒక మోత వినిపించింది! నిశ్శబ్దంలో మెదడు ఊరుకోదన్నమాట. 1990లో జాస్ట్రెబాఫ్ ఇంకో మాట చేర్చాడు: మోత కంటే, మెదడు దాన్ని ప్రమాదంగా లెక్కగట్టడమే అసలు బాధ. అందుకే ఆయన పద్ధతిలో మోతని ముంచెయ్యరు, దానికంటే తక్కువ స్థాయిలో ఓ శబ్దాన్ని తోడుంచుతారు.

నేనూ ఇప్పుడు అదే పాటిస్తున్నాను. గదిలో వాన చప్పుడు, వినీ వినపడనంత. ఇయర్‌ప్లగ్గులు మిక్సీకీ, ఊరేగింపులకీ మాత్రమే. ఇంట్లో రోజంతా పెట్టుకుంటే చెవులు ఇంకా సున్నితమైపోతాయి. మోత పోలేదు. కానీ మా పాప కేరింతలు కొడితే పక్క గదిలోకి పారిపోకుండా కూర్చోగలుగుతున్నాను. ప్రస్తుతానికి అది చాలు.