ఖుజంద్ నగరము - దాని పేర్లు

మధ్య ఆసియాలో, నేటి తాజికిస్తాను దేశమున, సిర్ దర్యా నదీతీరమున ఖుజంద్ అను ప్రాచీన నగరము కలదు. క్రీ.పూ. 329లో అలెగ్జాండరు ఆ నదియొడ్డున 20 దినములలో కోట కట్టించి, యుద్ధమునకు పనికిరాని తన సైనికులను కొందరిని అచట నిలిపి, దానికి 'కట్టకడపటి అలెగ్జాండ్రియా' అని తన పేరే పెట్టెను. ఆ కోట ఈ నగరస్థలముననే యుండెనని పండితులు పెక్కుమంది తలంతురు. ఆ పేరు కాలక్రమమున మరుగుపడెను.

1220 ప్రాంతమున మంగోలులు ముట్టడింపగా, కోటపాలకుడైన తైమూర్ మాలిక్ వేయిమందితో నది నడిమి లంకను చేరి పోరెను. నిప్పుబాణములు అంటకుండుటకై పడవలను తడిసిన ఉన్ని దుప్పట్లతో కప్పించి, సిరకాతో పిసికిన మట్టిని పైన మెత్తించెనని పారశీక చరిత్రకారుడు జువైనీ వ్రాసినాడు. ఎంతటి ఉపాయశాలి! అయినను నగరము దక్కలేదు. అతడు మాత్రము నదివెంట తప్పించుకొనెను.

మన దేశమున మొగలు రాజ్యమును స్థాపించిన బాబరు ఆ సీమవాడే. అతడు తన ఆత్మకథలో ఖుజంద్ దానిమ్మపండ్లను మెచ్చుకొనుటయే గాక, ఆ నదిని జనులు ఖుజంద్ నది యందురనియు చెప్పెను. నది పేర వెలసిన ఊళ్లను మనమెరుగుదుము. ఊరి పేర నదిని పిలుచుట అరుదు.

1866లో రష్యా సేనలు నగరమును పట్టుకొనెను. 1936లో సోవియట్ ప్రభుత్వము దానిని లెనినాబాద్ అని మార్చెను. 1991లో ప్రాతపేరు మరల వచ్చెను. చుట్టునున్న మండలమునకు మాత్రము లెనిన్ పేరు 2000 వరకు నిలిచియుండెను.