పైచదువులూ ఎదురుచూపులూ: అనంతపురం చరిత్ర నుంచి కొన్ని పుటలు

విదేశంలో చదువుకుంటూ, ఆపై చదువుకు సీటు వస్తుందో రాదో తెలియక నెలల తరబడి కాచుకుని వుండే విద్యార్థిని గూర్చి మాట్లాడేటప్పుడు మనవాళ్లు సాధారణంగా ఒక పోలిక తెస్తారు. మృగశిర కార్తె దాటినా మబ్బు పట్టక అనంతపురం రైతు ఆకాశం వంక చూసినట్టు, ఈ పిల్లవాడు విశ్వవిద్యాలయం జవాబు కోసం చూస్తున్నాడంటారు. వినడానికి బాగుంటుంది. సభల్లో చప్పట్లు కూడా పడతాయి. కాని ఇది తప్పు పోలిక. హానికరమైన పోలిక కూడా. వాన కురవడానికి ఎవరి సంతకమూ అక్కరలేదు. సీటు ఇవ్వడానికి సంతకం కావాలి. ఆ సంతకం వెనక ఒక బడ్జెట్టు, బడ్జెట్టు వెనక ఒక ప్రభుత్వం, ప్రభుత్వం వెనక కొన్ని వర్గాల ప్రయోజనాలూ వుంటాయి. మనుషులు చేసిన నిర్ణయాన్ని మబ్బుకు అంటగడితే ఇక ఎవరినీ నిలదీసే పని వుండదు.

ఆ మాటకొస్తే కరువును కూడా పూర్తిగా మబ్బుకు అంటగట్టడానికి వీల్లేదు. జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పడమటి కనుమలు నైరుతి వానను అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనం ఇక్కడిదాకా వచ్చేసరికి పలచబడిపోతుంది. ఇంతవరకూ భూగోళం. విజయనగర కాలం నాటి చెరువులు పూడిపోవడం, పక్కనే పారే తుంగభద్ర మీద ఈ సీమకు ఎంత హక్కు వుందన్నది కాగితాల మీదనే తరాల తరబడి నలగడం, ఇది చరిత్ర. చదువు విషయంలోనూ ఈ రెంటినీ విడదీసి చూడవలసి వుంది. విద్యార్థి కంటే ముందు ఎదురుచూసింది అతని జిల్లా.

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పటినుంచి దీనిపేరు దత్తమండలం. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ గుర్తుకొచ్చే పేరే గాని, మధ్యనున్న ప్రజలు ఎవరికీ గుర్తుకురాని పేరు. 1876–78 మహాకరువు మిగిల్చిన జనంతో, 1882లో బళ్లారి నుంచి వేరుపడి అనంతపురం జిల్లా ఏర్పడింది. 1916లో అనంతపురంలో దత్తమండల కళాశాల వెలిసింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొద్దికాలం ఇక్కడ పాఠం చెప్పాడు. ఇక్కడి తెలుగు పండితుడు చిలుకూరి నారాయణరావే 1928లో నంద్యాల సభలో దత్తమండలం పేరు వద్దని ‘రాయలసీమ’ అన్న పేరు ప్రతిపాదించాడు. ఒక కళాశాల వుంటే ఏమవుతుందో దీనినిబట్టి తెలుస్తుంది: కనీసం తన పేరు తాను పెట్టుకునే శక్తి వస్తుంది.

కాని కళాశాల వేరు, విశ్వవిద్యాలయం వేరు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. దాని కేంద్రం ఎక్కడన్న వివాదం రేగి, చివరకు వాల్తేరులో స్థిరపడింది. దత్తమండలాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే వుండిపోయాయి. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి ‘శ్రీబాగ్’ గృహంలో కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న ఒడంబడికలో నదీజలాలు, రాజధాని, హైకోర్టుల మాటకంటే ముందు నిలిచిన అంశం ఇదే: విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో మరొక కేంద్రం వుండాలని. శ్రీబాగ్ అనగానే మనవాళ్లు నీళ్లగురించీ రాజధాని గురించీ కొట్లాడుకుంటారు గాని, చదువును గూర్చిన ఈ షరతు సంగతి ఎత్తేవాళ్లు తక్కువ.

తరువాత ఏమైంది? 1946లో మద్రాసు ప్రభుత్వం అనంతపురానికి ఇంజనీరింగు కళాశాల మంజూరు చేసింది; తరగతులు గిండీలో మొదలై 1948లో గాని ఇక్కడికి రాలేదు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, తిరుపతిలో. దాని పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రం అనంతపురానికి వచ్చింది 1968లో. అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా మారింది 1981లో. శ్రీబాగ్ నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి 44 ఏళ్లు. తన వయసుకు అక్కరకు రాని విశ్వవిద్యాలయాన్ని అతను తన పిల్లల కోసం చూశాడు.

మరి ఈ మధ్యకాలంలో ఈ జిల్లా నుంచి పైచదువులు చదివినవాళ్లు లేరా? వున్నారు. ఎవరు? తరిమెల నాగిరెడ్డి రిషివ్యాలీలో, మద్రాసు లయోలాలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివాడు. అంతంత దూరాలు పంపించగలిగింది భూమి. ఆ భూమిని పుట్టించిన వ్యవస్థమీదే తరువాత ఆయన తిరగబడడం ఆయన గొప్పతనం. దానివల్ల మొదటి వాస్తవం చెరిగిపోదు. భూమి లేనివాడు దొర కటాక్షం కోసం కాచుకోవాలి, లేదా సర్కారు వేతనం కోసం కాచుకోవాలి.

సర్కారు వేతనం ఎలాంటిదో కట్టమంచి రామలింగారెడ్డి జీవితం చెబుతుంది. ఆయన చిత్తూరువాడు. 1899లో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థిగా, ‘ముసలమ్మ మరణము’ రాశాడు. అనంతపురం పక్కనే వున్న బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోతే, ఊరిని కాపాడడానికి ఒక కాపు కోడలు ఆ గండిలో దిగి ప్రాణమిచ్చిన కథ. 1902లో భారత ప్రభుత్వ వేతనం మీద కేంబ్రిడ్జికి వెళ్లి, అక్కడి యూనియన్ సభకు ఉపాధ్యక్షుడైన మొదటి భారతీయుడయ్యాడు. ప్రతిభలో లోపం పట్టేందుకు ఎవరికీ నోరు రాదు. కాని ఆనాటి ఆ వేతనాలు దేశమంతటికీ కలిపి వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. ఒకరికి వస్తే అది ప్రతిభకు నిదర్శనమైంది. రానివారు వందలమంది దేనికి నిదర్శనమో ఎవరూ రాయలేదు.

విదేశానికి వెళ్లడమొక ఎత్తు. వెళ్లిన తరువాత అక్కడ పైమెట్టు ఎక్కనిస్తారో లేదో చూస్తూ బతకడం మరొక ఎత్తు. ఈ రెండో సంగతి అర్థం కావాలంటే ఎల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవాలి. ఆయన అనంతపురంవాడు కాడు, 1895లో భీమవరంలో పుట్టాడు. డెల్టాలో పుట్టినవాడికి లోటేమిటి అని మన సీమవాళ్లు అనుకోవచ్చు. కాలవ నీళ్లు పారిన ప్రతి ఊళ్లోనూ ప్రతి ఇంటికీ పారలేదని గుర్తుంచుకుంటే చాలు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కున్నందుకు ఇంగ్లీషు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెబుతూ అమెరికాలోని హార్వర్డుకు దరఖాస్తు పెట్టాడు. ఓడల మీద ఉత్తరాలు వారాల తరబడి నడిచే రోజులు. చివరకు అక్కడి ఉష్ణమండల వైద్యశాలలో చోటు దొరికింది గాని వేతనం దొరకలేదు. కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి కొంత, మామగారు కొంత సర్దితే 1920ల మొదట్లో బోస్టనులో కాలు పెట్టాడు.

అక్కడ ఆయన మద్రాసు పట్టా వైద్యుడిగా పనిచేయడానికి చెల్లలేదు. పగలు చదువు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే నౌకరీ. డిప్లొమా చేతికొచ్చాక జీవరసాయన శాఖలో చేరాడు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించాడు. ప్రపంచమంతటా ప్రయోగశాలలు దాన్ని ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తాయి. పిహెచ్.డి. మాత్రం 1930లో వచ్చింది. అంటే, పాఠ్యగ్రంథాలకెక్కిన పద్ధతి కనిపెట్టినవాడు మరో ఐదేళ్లు విద్యార్థే. ఆ తరువాత మరో పదేళ్లు అదే విశ్వవిద్యాలయంలో చిన్న కొలువులో వుండి, స్థిరమైన పదవి రాక, 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అక్కడి ఫలితాలు.

ఇదంతా ఆయన ఎవరి దేశంలో చేశాడు? 1923 ఫిబ్రవరిలో, భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యంలో, అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. ఆ తలుపు 1946లో గాని కొద్దిగా తెరుచుకోలేదు. విద్యార్థిగా రానిస్తారు, మనిషిగా వుండనివ్వరు. రెంటి నడుమ ఆయన పావు శతాబ్దం పనిచేశాడు. భార్య ఇక్కడ, ఆయన అక్కడ. 1948 ఆగస్టులో చనిపోయేదాకా తిరిగి రాలేదు. మనం ఆయన పేరు చెప్పి పిల్లలకు ‘ఓపిక పట్టు’ అని నీతి బోధిస్తాం. ఆ ఓపికకు ధర చెల్లించినవాళ్లలో ఇక్కడ మిగిలిపోయిన ఆ ఇల్లాలు కూడా వుందన్న సంగతి బోధలో రాదు.

ఇప్పటి సంగతికి వద్దాం. 2023–24లో అమెరికాలో వున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో పైచదువుల వారే 1,96,567. తెలుగువాళ్లు లేని ఊరు లేదు. అక్కడ మాస్టర్స్ ముగుస్తున్న అనంతపురం పిల్లవాడు పిహెచ్.డి.కి పది చోట్ల దరఖాస్తు పెడతాడు. ఒక్కోదానికి రుసుము వంద డాలర్లకు అటూ ఇటూ. డిసెంబరులో పెడితే జవాబులు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎప్పుడైనా రావచ్చు. వేతనంతో సీటు వచ్చినవాళ్లు ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే హక్కు అక్కడి విశ్వవిద్యాలయాలు ఒప్పుకున్న నియమం. వాళ్లు తేల్చుకునేదాకా వెనక వరసలోని వాళ్లు కాచుకోవాలి. ఈలోగా వీసా గడియారం నడుస్తూంటుంది. చదువు ముగిశాక పని చేసుకోవడానికి ఏడాది అనుమతి. అందులో పని లేకుండా గడిపే రోజులు మొత్తం 90 దాటకూడదు. ఆ అనుమతి కూడా తీసుకోనివాడికి దేశం విడిచి వెళ్లడానికి 60 రోజులు.

ఇంటిదగ్గర మరొక గడియారం నడుస్తూంటుంది. బ్యాంకుల మామూలు పద్ధతి ప్రకారం ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు ఆస్తి కుదువ పెట్టాలి. మెట్ట మీద పదెకరాల శెనక్కాయ పొలమున్న రైతు పాసుబుక్కు పట్టుకుని వెళితే మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. 2002 నాటి సర్ఫేసి చట్టం, 31వ సెక్షను, వ్యవసాయ భూమిని జప్తు చేసే అధికారం బ్యాంకుకు ఇవ్వలేదు. రైతును కాపాడే మినహాయింపు అది, మంచిదే. కాని బ్యాంకు ఏం చేస్తుంది? జప్తుకు రాని భూమిని భూమిగా లెక్కపెట్టదు. పట్నంలో ఇల్లు గాని ప్లాటు గాని చూపించమంటుంది. అది లేనివాడు ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ దగ్గరికి పోతాడు, లేదా ఊళ్లోనే కాగితం రాసిస్తాడు. బెంగుళూరు కూలికి పోయే ఇంటివాడికి ఈ మూడు దారులూ మూసే వున్నాయి. బ్యాంకు అప్పుకు చదువు ముగిసిన ఏడాదిదాకా వాయిదా వుంటుంది గాని, వడ్డీకి వాయిదా లేదు. ఈ ఏడు సీటు రాలేదు, వచ్చే ఏడు మళ్లీ ప్రయత్నిద్దామనే మాట కొందరికి ఒక వాక్యం; కొందరికి మరో పన్నెండు నెలల వడ్డీ.

సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్ గారి స్వగ్రామం బుక్కాపురం, ఈ జిల్లాలోదే. 1988లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లే ముందు, వీసా రాకపోతే బాగుండునని తాను కోరుకున్నట్టు నాదెళ్ల తన పుస్తకంలో రాసుకున్నాడు. నిజాయితీగా చెప్పిన మాట. ఐ.ఎ.ఎస్. అధికారి కుమారుడు అలా కోరుకోగలడు. బుక్కాపురంలోనే వుండిపోయిన రైతు కొడుకు అప్పు కాగితం మీద సంతకం పెట్టాక అలా కోరుకోలేడు.

సీటు మబ్బు లాంటిది కాదని మొదట్లో అన్నాను. 2025 వసంతంలో దీనికి రుజువు దొరికింది. అమెరికా ప్రభుత్వం పరిశోధన నిధులకు కోత పెట్టగానే పలు విశ్వవిద్యాలయాలు పిహెచ్.డి. సీట్లు తగ్గించుకున్నాయి, మసాచుసెట్స్‌లోని చాన్ వైద్య విశ్వవిద్యాలయం ఇచ్చిన సీట్లనే వెనక్కి తీసుకుంది. మే నెలాఖరులో విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూలు ఆపేశారు, మూడు వారాల తరువాత సామాజిక మాధ్యమాల తనిఖీ షరతుతో తిరిగి తెరిచారు. ఆ విద్యార్థుల మార్కులు మార్చి నెలలో తగ్గలేదు. వాషింగ్టనులో ఒక ప్రభుత్వం మారింది, అంతే.

అయితే వాషింగ్టనును తిట్టి ఊరుకోవడం సులభం. మన ఢిల్లీ ఏం చేస్తోంది? 2014 విభజన చట్టం హామీ ఇచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం 2018లో అనంతపురంలో మొదలైంది, అద్దె గదుల్లాంటి తాత్కాలిక వసతిలో. దాని సొంత ప్రాంగణానికి స్థలమిచ్చింది బుక్కరాయసముద్రం మండలంలోని జంతులూరు దగ్గర, ముసలమ్మ చెరువుకు దూరం కాని చోట. విదేశీ చదువులకు కేంద్రమిచ్చే వేతనం మరొకటి వుంది. 1954–55లో మొదలైంది. షెడ్యూల్డు కులాలకు, విముక్త సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీలకు, చేతివృత్తుల కుటుంబాలకు ఉద్దేశించినది; అంటే బ్యాంకు మేనేజరు తల అడ్డంగా ఊపేవాళ్లలో కింది వరసకు. దేశమంతటికీ ఏడాదికి 125 మంది. 2025లో ఎంపికైనవాళ్లు 106 మంది. జూలైలో వారిలో 40 మందికే తాత్కాలిక ఉత్తరాలు వెళ్లాయి. మిగిలిన 66 మందికి, నిధులు అందుబాటులో వుంటే ఇస్తామని జవాబు. విదేశాల్లో చాలాచోట్ల తరగతులు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మొదలవుతాయి.