నురుగు రంగు

పచ్చ సబ్బు అంటాం, గులాబీ సబ్బు అంటాం. పచ్చ నురుగు అని ఎవరైనా అనగా విన్నారా? సబ్బుబిళ్లకి అంగట్లో ఎన్ని రంగులున్నా నురుగుకి తెలుపొక్కటే.

సబ్బు బయటినుంచి వచ్చిన మాట, అరబ్బీ ‘సాబూన్’కి చుట్టం. నురుగు ఇంటి మాటే. తమిళంలో నురై, కన్నడంలో నొరె, మలయాళంలో నుర. సబ్బు రాకముందే మనకి నురుగుందంటే అది కుంకుడు చలవ. ఉత్తరాంధ్ర మన్యంలో కొండలమీంచి దింపిన కుంకుళ్లని 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఇప్పటికీ కొంటోంది. సంస్కృతంలో ఆ చెట్టు పేరే ఫేనిలం, అంటే నురుగుది. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దానికి పెట్టిన ‘సాపిండస్’ అనే పేరులో ఉన్నది భారతదేశపు సబ్బు. మనవాళ్లకి మాత్రం అది ఉత్త కుంకుడు.

కాయలు చితక్కొట్టి, గింజలు ఏరేసి, వేణ్ణీళ్లలో పిసకండి. గిన్నెలో దిగిన రసం డికాషన్ రంగులో ఉంటుంది. గిలక్కొడితే పైకి లేచే నురుగు మాత్రం తెల్లన. రంగు ఎక్కడికీ పోలేదు. నురుగులో ఉన్నది చాలావరకు గాలే. ఒక్కో బుడగ గోడ వెంట్రుక మందంలో ఇంచుమించు నూరోవంతు. అంత పల్చటి పొరలో రంగు వెలుతుర్ని పట్టి ఆపలేదు. అలాంటి గోడలు వేలకొద్దీ అడ్డుపడేసరికి ఎండ అటూ ఇటూ చెదిరి, అన్ని రంగులూ కలిసే మన కంటికి తిరిగొస్తాయి. అదే తెలుపు.

బుడగ సంగతి వేరు. ఒంటిగా ఊదిన సబ్బు బుడగమీద ఇంద్రధనుస్సు రంగులు తిరుగుతాయి. పొర పైతలం నుంచి, లోతలం నుంచి తిరిగొచ్చే కిరణాలు కలిసి కొన్ని రంగుల్ని హెచ్చించి, కొన్నిటిని చంపేస్తాయి. బుడగ, నురుగు అని తెలుగు రెండు మాటలు పెట్టుకోవడం ఊరికే కాదనిపిస్తుంది. వేదాంతులు బుడగని పట్టుకుని బతుకు క్షణికమన్నారు. నురుగు కష్టజీవుల పాలబడింది. బరువు బండి లాగే ఎద్దు నురుగులు కక్కుతుంది గానీ బుడగలు కక్కదు.

అన్ని నురుగులూ మల్లెపూలు కావులెండి. వరద రోజుల్లో కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసేచోట మట్టి రేణువులు పొరల్నే పట్టుకుంటాయి. అక్కడ నురుగు మట్టిరంగుకి తిరుగుతుంది.