చందా పుస్తకము – చాటుపద్యము

ఉగాదికో దసరాకో ముందు భిలాయి సెక్టారు వీథులలో సాయంకాలపు వేళ ఇద్దరు ముగ్గురు పెద్దలు రసీదు పుస్తకము చేతబట్టి యింటింటికిని తిరుగుట మన మందర మెరిగిన దృశ్యమే. కొందరు నవ్వుచు ఇత్తురు. కొందరు “మొన్ననే యిచ్చితిమి కదా” యని గొణుగుచు ఇత్తురు. మరికొందరు తలుపు తీయుటకే కొంత యాలస్యము చేయుదురు. ఎట్లిచ్చినను ఈ సంచిక అచ్చయి పాఠకుల చేతికి వచ్చుటకు ఆ రసీదు పుస్తకమే మూలము.

చందా యనగానే మనకు కొంచెము చిన్నచూపు కలదు. అది యాచనకు దగ్గరి చుట్టమని తలంతుము. కాని గడచిన నూట యిరువది సంవత్సరముల తెలుగు సారస్వత చరిత్రను పరికించినచో, రాజులు తప్పుకొన్న చోట భాషను నిలిపినది ఈ చందాయే యని తేటపడును. ఆ చరిత్రలో మన ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకు కూడ నొక పుట కలదు.

పూర్వము కావ్యమునకు పోషకు డొక్కడే. అల్లసాని పెద్దన మనుచరిత్రమును శ్రీకృష్ణదేవరాయలకు అంకిత మొసగెను. రెడ్డిరాజుల కాలమున వెలుగొందిన శ్రీనాథుడు హరవిలాసమును అవచి తిప్పయసెట్టి యను వర్తకునకు అంకితము చేసెను. పోషకుడు రాజైనను వర్తకుడైనను, ఆ యింట దీపము మలిగినచో కవి వేరొక గుమ్మము వెదకుకొనవలసినదే. శ్రీనాథుని కడపటి దినములు లేమిలో గడచినవని సంప్రదాయము చెప్పుచున్నది. 19వ శతాబ్దమున సి.పి. బ్రౌను దొర సొంత సొమ్ముతో పండితులకు జీతము లిచ్చి, తాళపత్ర ప్రతులను పోల్చి చూపించి, పరిష్కరింపజేసెను. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. ఆ మేలు మరువరానిది. ఐనను అదియు నొక్క చేతి దానమే.

అనేకుల చేతులు కలిసిన కథకు మనము రైలు మార్గము వెంట పోవలెను. భిలాయి మీదుగా సాగు హౌరా–ముంబయి మార్గమున పడమట నాగపురము, తూర్పున బిలాస్పూరు కలవు. అప్పటి మధ్యపరగణాలలో ఉద్యోగము చేయుచున్న ఇంజనీరు భార్య బండారు అచ్చమాంబ. ఆమె 1874లో జన్మించెను. తండ్రిని చిన్ననాడే కోల్పోయిన తమ్ముని తన కడనుంచుకొని చదివించెను. ఆ తమ్ముడే కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. ఆమె బడికి పోలేదు. తమ్ముని చదువుతో పాటు తానును చదువు నేర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను పేర స్త్రీల జీవితచరిత్రములు రచించెను. తెలుగులో తొలి కథానికలు వ్రాసిన వారిలో ఆమె యొకతె. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయముననే, బిలాస్పూరులో ఆమె కన్నుమూసెను. మన మిప్పుడు పెండ్లిండ్లకును పరీక్షలకును పోయివచ్చు ఆ యూరిలో తెలుగు కథానిక తొలి రచయిత్రులలో నొకతె కడసారి ఊపిరి విడిచెనన్న సంగతి మనలో నెందరికి తెలియును?

అక్క పోయిన మరుసటి యేడే, 1906లో, లక్ష్మణరావు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలగు మిత్రులతో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించెను. 1908లో అది మద్రాసునకు తరలెను. మండలి తొలి గ్రంథము హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్రము. 1910లో చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగము వెలువడెను. చరిత్రము, ప్రకృతిశాస్త్రములు, నవలలు అన్నియు సామాన్యుని యింటికి పోవలెనని మండలివారి కోరిక.

గ్రంథమాలల పద్ధతి మిక్కిలి సులభమైనది. పాఠకుడు ముందుగా చందాదారుగా చేరును. ప్రకాశకునకు ఎన్ని ప్రతులు పోవునో కొంత ధైర్యము కలుగును. ఆ ధైర్యముతో కాగితము కొనును, అచ్చుకూలి చెల్లించును. చందాదారునకు గ్రంథము తక్కువ వెలకు దక్కును. గుమాస్తా, బడిపంతులు, చిల్లర వర్తకుడు కలిసి రాజు చేసిన పనిని చేయుట ఇట్లు సాధ్యమయ్యెను. రాజునకు అంకితపద్యము దక్కినది. చందాదారునకు పుస్తకమే దక్కెను. దానిని చదివి బాగున్నదనియో లేదనియో చెప్పు హక్కును దక్కెను.

ఈ పద్ధతికి ఎల్లలు కూడ లేకపోలేదు. లక్ష్మణరావు తలపెట్టిన మహాకార్యము ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’. అకారాది క్రమమున సకల విషయములను తెలుగున తెలుపవలెనని ఆయన పూనెను. అకారముతో మొదలగు శీర్షికలే మూడు సంపుటములు నిండెను. 1923లో ఆయన మరణించుటతో పని నిలిచిపోయెను. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు దానిని చేపట్టెను గాని 1938లో ఆయనయు గతించెను. 1947లో మద్రాసున ఏర్పడిన తెలుగు భాషా సమితి అక్షరక్రమము విడిచి విషయములవారీగా సంపుటములు ప్రకటించెను. సొమ్ము పలువురిదైనను భారము ఒక్కరి మీదనే మోపినచో, ఆ యొక్కరు పోయిన నాడు పని కుంటుపడునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇంతవరకు డబ్బు మాట. డబ్బు పుట్టుటకు ముందు రుచి పుట్టవలెను. ఆ రుచిని పెంచినది చాటుపద్యము. ఎవరో చెప్పిన పద్యము మరొకరికి నచ్చును. ఆయన దానిని తన యూరి రచ్చబండ మీద చదువును. విన్నవాడు పెండ్లి విడిదిలో మరల చదువును. కవి పేరు మారవచ్చును, మాట యొకటి తప్పిపోవచ్చును. పద్యము మాత్రము ఊరూరు తిరుగును. నేడు మన పిల్లలు నచ్చిన పాటను, నవ్వు పుట్టించు బొమ్మను ఫోనులో ఒకరికొకరు పంపుకొనుచుండగా చూచి విసుగుకొందుము. ఆ పని తాతలు నోటితో చేసినదే.

వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) ఇట్లు నోటనోట తిరుగుచున్న పద్యములను, వ్రాతప్రతులలో చెదరియున్న వానిని ఏరి ‘చాటుపద్య మణిమంజరి’గా కూర్చెను. ఆయన కూర్పకున్నచో ఎన్ని మణులు మట్టిలో కలిసెడివో! 1998లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు చాటువులను ఆంగ్లమున ననువదించి లోకమునకు చూపిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాట పుట్టినప్పుడు సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక ద్వారమున పద్యములు రప్పించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటించెను. అందు 354 మంది కవులు కానవచ్చిరి. ఒక్క నిందకు ఇన్ని యిండ్ల నుండి జవాబు వచ్చినది.

ఇతర దేశములందును ఇట్టి కథలు కలవు. అమెరికాకు ఫ్రాన్సు ప్రజలు కానుకగా నిచ్చిన స్వేచ్ఛాదేవి విగ్రహమునకు పీఠము కట్టించుటకు సొమ్ము చాలకపోగా, 1885లో జోసెఫ్ పులిట్జరు తన పత్రికలో విజ్ఞప్తి ప్రకటించెను. ఎంత స్వల్పము పంపినవారి పేరైనను అచ్చువేయుదునని మాట యిచ్చెను. కొన్ని నెలలలోనే లక్ష డాలర్లకు పైగా చేరెను. ఇచ్చినవారిలో పెక్కుమంది డాలరుకు లోపుగా నిచ్చినవారే. మన దేశమున 1976లో వెలువడిన ‘మంథన్’ చలనచిత్రమునకు గుజరాతులోని 5 లక్షల పాడిరైతులు తలకు రెండేసి రూపాయలిచ్చి నిర్మాతలైరి. దర్శకుడు శ్యామ్ బెనెగల్ సికింద్రాబాదు చెంత తిరుమలగిరిలో 1934లో జన్మించినవాడు. 1978లో తెలుగున ‘అనుగ్రహము’ తీసెను. ఆయన 2024లో మరణించెను. ఆ యేడే కాన్స్ చిత్రోత్సవమున పునరుద్ధరింపబడిన ‘మంథన్’ ప్రదర్శింపబడినది. రెండు రూపాయల ఆయువు నలుబది యెనిమిదేండ్లు దాటినదన్నమాట.

నేడు దీనినే క్రౌడ్ ఫండింగ్ అందురు. 2009లో అమెరికాలో ఆరంభమైన కిక్‌స్టార్టరు వంటి వేదికలలో కళాకారుడు తన తలంపును, కావలసిన మొత్తమును, గడువును ప్రకటించును. గడువులోగా మొత్తము పూర్తి కానిచో దాతల నుండి సొమ్ము తీసుకొనరు. 2001లో పుట్టిన వికీపీడియా పాఠకుల చిన్న చిన్న విరాళములతో ముఖ్యముగా నడచుచున్నది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో జీతము లేని ఔత్సాహికులు వ్యాసములు వ్రాయుచున్నారు. లక్ష్మణరావు అకారముతో నిలిపివేయవలసి వచ్చిన పని నేడు అన్ని యక్షరములలోను ఒకేసారి సాగుచున్నది. ఇచట సొమ్మే గాక శ్రమయు పంచబడినది. 1923 నాటి చిక్కునకు ఇది యొక సమాధానము.

ఐనను యంత్రము మారినంతమాత్రమున ధర్మము మారదు. చందాకు ప్రాణము నమ్మకము. పుచ్చుకొన్న సొమ్మునకు లెక్క చూపవలెను; చెప్పిన గ్రంథము వెలువడవలెను; వెలువడనిచో ఎందుకు వెలువడలేదో చెప్పవలెను. సొమ్ము పోగై పుస్తకము రాని సందర్భములు పాతకాలమునను కలవు, ఇప్పుడును కలవు. అట్టి యొక్క సందర్భము పది మంచిపనులకు తలుపులు మూయించును.

ఇక మన మాట. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయి తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించెను. ఆ దినములలో వచ్చిన తెలుగు కుటుంబములు పెట్టెలలో బట్టలు తెచ్చుకొనెను. తలలలో పాటలు తెచ్చుకొనెను. జోలపాటలు, దంపుళ్ల పదములు, పొడుపుకథలు, ఊరి దేవత కథలు వానిలో నుండెను. ఆ తరము ఒక్కొక్కరుగా మన నుండి సెలవు తీసికొనుచున్నది. మనుమలు హిందీ, ఛత్తీస్‌గఢీ చక్కగా మాటలాడుదురు. తెలుగు విందురు గాని చదువుట అరుదు. అవ్వ పోయిన నాడు ఆమె పాటకు రెండవ ప్రతి యుండదు.

మన యిరుగుపొరుగును చూడుడు. భిలాయి చెంతనే గనియారీ గ్రామమున జన్మించిన తీజన్‌బాయి, తాత నోట విన్న పండవానీని దేశదేశములకు కొనిపోయెను. ఉక్కు కర్మాగారము ఆమెకు ఉద్యోగ మొసగెను. 2019లో పద్మవిభూషణ పురస్కారము లభించెను. వినువారు, నిలుపువారు ఉన్నచో నోటి విద్య నశింపదు.

కావున సంఘమునకు నొక విన్నపము. వచ్చు ఉగాదికి రసీదు పుస్తకముతో పాటు తెల్లకాగితముల పుస్తకము నొకటి ఇంటింటికి పంపవలెను. ప్రతి యింటివారును తమకు నచ్చిన యొక పద్యమో, పాటయో, సామెతయో వ్రాసి, ఎవరి నోట విన్నదో, ఏ యూరిదో క్రింద గుర్తింపవలెను. తెలుగు వ్రాయలేని పిల్లలు ఫోనులో అవ్వ గొంతు పట్టి యిచ్చిన చాలును. అచ్చునకు చందా వేయుదము; పైసాతో సహా లెక్క చివరి పుటలో ముద్రింతము. కూర్పు భారము ఒక్కరి మీద మోపక పదిమంది పంచుకొందురు గాక. బిలాస్పూరులో కన్నుమూసిన అచ్చమాంబకు ఈ ప్రాంతపు తెలుగువారు అర్పింపదగిన నివాళి ఇంతకంటె వేరొకటి లేదు.

ఈసారి పెద్దలు తలుపు తట్టినప్పుడు ఆలస్యము చేయకుడు. చందా యిచ్చి, వారిని కూర్చుండబెట్టి, ఒక పద్యము కూడ చెప్పి పంపుడు.