తెలుగు వికీ వెనుక యంత్రాల చరిత్ర

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. వ్యాసాలు రాసినవారి కృషి గురించి మనం అప్పుడప్పుడూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఆ వ్యాసాలను పగలూ రాత్రీ పాఠకుడికి అందించే యంత్రాల చరిత్ర మాత్రం మన పత్రికల్లో పెద్దగా కనబడదు. అదీ మన చరిత్రే.

ఆ కథ జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో మొదలవుతుంది. 1990 చివర్లో టిమ్ బెర్నర్స్-లీ తన నెక్స్ట్ కంప్యూటర్ మీద తొలి వెబ్ సర్వర్ నడిపారు. ఇది సర్వర్, దీన్ని ఆపవద్దు అని ఎర్ర సిరాతో రాసిన కాగితం ఒకటి ఆ నల్లటి పెట్టెకు అంటించారు. 1995లో వెబ్ సర్వర్ ప్రోగ్రాము అపాచీ వచ్చింది, అదే ఏడాది మైసీక్వెల్ డేటాబేసు, పీహెచ్‌పీ భాష వచ్చాయి. ఈ మూడింటినీ లినక్స్ మీద నిలబెట్టి లక్షలాదిమంది సొంత సైట్లు పెట్టుకున్నారు. వికీపీడియాకు ప్రాణమైన మీడియావికీ సాఫ్ట్‌వేర్ కూడా ఆ నేల మీద మొలిచిందే. అయితే ఆ తరంలో సర్వర్‌లో ఏ ఫైలు ఎక్కడుందో, ఏ అమరిక ఎందుకు మార్చారో నిర్వాహకుడి తలలో ఉండేది. ఆయన సెలవు పెడితే మిగిలినవాళ్లు బిక్కుబిక్కుమంటూ గడపాల్సిందే.

దీనికి విరుగుడు అప్పటికే యూనిక్స్‌లో ఒక మూల పెరుగుతోంది. 1979 నాటి ఏడో వెర్షన్‌లో వచ్చిన సీహెచ్‌రూట్ సిస్టమ్ కాల్‌తో ఒక ప్రోగ్రాముకు ఫైళ్లలో కొంత భాగాన్నే సర్వస్వంగా చూపించవచ్చు. 2000లో పాల్-హెన్నింగ్ కాంప్ ఆ ఆలోచనను ఫ్రీబీఎస్‌డీలో జైళ్లుగా బిగించారు. గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ 2006లో మొదలుపెట్టిన సీగ్రూపుల పని 2008 నాటికి లినక్స్ కెర్నల్‌లో చేరింది. ఏ ప్రోగ్రాము ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ వాడుకోవాలో హద్దు గీసే వీలు అలా దొరికింది. ముప్పై ఏళ్లపాటు పోగైన ఈ పనితనాన్నంతా 2013 మార్చిలో సాలమన్ హైక్స్ డాకర్ పేరుతో పైకాన్ సభలో అయిదు నిమిషాల్లో చూపించారు. నా దృష్టిలో డాకర్ చేసిన అసలు మేలు ఇమేజ్. ప్రోగ్రామూ, దానికి కావలసిన లైబ్రరీలూ ఒకే మూటగా కట్టి ఏ లినక్స్ యంత్రం మీద విప్పినా దాదాపు ఒకేలా నడుస్తాయి; అలా నడిచే ప్రతే కంటైనర్. నిర్వాహకుడి తలలోని జ్ఞానం ఫైలులోకి దిగింది.

ఇలాంటి కంటైనర్లను ఎన్నో యంత్రాల మీద కలిపి నడిపేందుకు 2014 జూన్‌లో గూగుల్ కుబెర్నెటిస్‌ను బయటపెట్టింది. జో బేడా, బ్రెండన్ బర్న్స్, క్రెయిగ్ మెక్‌లకీ దాని ఆద్యులు. గూగుల్ లోపల బోర్గ్ అనే వ్యవస్థను ఏళ్ల తరబడి నడిపిన అనుభవం దాని వెనుక ఉంది. దీనికి మనం ఏం చేయాలో వరుసగా చెప్పం, ఏం ఉండాలో యామల్ ఫైలులో రాసి ఇస్తాం. ఈ అప్లికేషన్ ప్రతులు మూడు నడవాలి అని రాస్తే చాలు. ఆ యంత్రాల సమూహం, అంటే క్లస్టర్, ఆ మాటను ఎట్‌సీడీ అనే తన డేటాబేసులో భద్రపరచుకుని, ఉన్న స్థితిని దానితో అదేపనిగా సరిచూసుకుంటుంది. అర్ధరాత్రి ఒక యంత్రం పడిపోతే, దాని మీది ప్రతికి బదులు మరో యంత్రం మీద కొత్తది లేస్తుంది. కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు కొత్త ప్రతి సిద్ధమయ్యాకే పాతది దిగిపోతుంది. చదివేవారికి ఏమీ తెలియదు.

వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఈ దారినే నడిచింది. వర్జీనియాలోని ఆష్‌బర్న్, టెక్సాస్‌లోని కారల్టన్ కేంద్రాల్లో సొంత సర్వర్లే పెట్టుకుని, చిన్న సేవలను ముందు, మీడియావికీని చివరికి, కుబెర్నెటిస్ మీదికి చేర్చింది. అంత పాత, అంత పెద్ద ప్రోగ్రామును పాఠకుడికి అంతరాయం లేకుండా తరలించడం ఏళ్లు పట్టిన పని. ఈనాడు మనం తెరిచే తెలుగు పేజీని తయారుచేసేది అక్కడి ఒకానొక కంటైనర్. డేటాబేసును మాత్రం వాళ్లు కుబెర్నెటిస్‌లోకి తేలేదు. వ్యాసాలూ, వాటి మార్పుల చరిత్రా విడిగా మరియాడీబీ సర్వర్లలోనే ఉన్నాయి. ఏటా రెండుసార్లు ఒక కేంద్రం నుంచి మరోదానికి పని మార్చి చూసుకుంటారు. అప్పుడు కొద్ది నిమిషాలపాటు తెలుగు వికీని చదవవచ్చు కానీ దిద్దలేం. ఈ జాగ్రత్త సరైనదే. కంటైనర్ పోతే మరొకటి లేస్తుంది, పోయిన వాక్యం లేవదు.

2019లో కుబెర్నెటిస్‌కు తేలికపాటి రూపమైన కే3ఎస్ రాకతో ఈ విద్య రాస్‌ప్‌బెరీ పై అంత చిన్న బోర్డు మీదికీ సులువుగా దిగింది. గ్రంథాలయాలకు, పాఠశాలలకు, సాహిత్య సంఘాలకు కూడా ఇప్పుడిది అందుబాటులో ఉంది. తమ ఫైళ్లకు నెక్స్ట్‌క్లౌడ్‌నో, తమ విజ్ఞానానికి మీడియావికీనో సొంతంగా నిలబెట్టదలచినవారికి ఒక్క మనవి. కంటైనర్ల ప్రతులు ఎన్ని అన్నది తర్వాత నిర్ణయించుకోండి. ముందు డేటాబేసు బ్యాకప్ తీసి, దాన్ని వేరే యంత్రం మీద తిరిగి నిలబెట్టి, పేజీలు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.