శాపం తగిలిన ఊళ్ళో మూడేళ్ళు

1985లో జోధ్‌పూర్ పోస్టింగ్ వచ్చిందనగానే మిత్రులు "ఇక ఇసకతో పళ్ళు తోముకో" అన్నారు. అప్పుడు నేను కార్పొరల్‌ని. కొత్తగా పెళ్ళయింది. మా ఆవిడది కోనసీమ, కాలవ గట్టున పెరిగిన మనిషి. క్వార్టరుకి వెయిటింగ్ లిస్టు పెద్దది కావడంతో పాత ఊళ్ళో బ్రహ్మపురి వైపు నీలం సున్నం కొట్టిన ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాం.

మొదటి రోజే గొడవ. మా ఆవిడ కళ్ళాపి చల్లబోతే, మేమంతా మాసా అని పిలిచే ఇంటి పెద్దావిడ పరుగున వచ్చి బకెట్ పట్టేసుకుంది. ఆ ఇంట్లో స్నానం నులకమంచం మీద కూర్చుని చేయాలి. మంచం కింద తొట్టి. ఆ నీళ్ళతో బట్టలు, బట్టలుతికిన నీళ్ళతో నేల. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు, పోస్టింగ్ నేనే అడిగి తెచ్చుకున్నట్టు!

ఈ కరువుకి మాసా చెప్పే కారణం ఒకటే. 1459లో రావ్ జోధా కోట కడుతూ, ఆ కొండ మీదున్న చీడియానాథ్ అనే సాధువుని ఖాళీ చేయించాడట. నీళ్ళకి మొహం వాచిపోతారని ఆయన శపించాడట. రాజు గుడి కట్టించి బతిమాలినా శాపం పూర్తిగా పోలేదంటారు. మన భాషలో చెప్పాలంటే ఎవిక్షన్ నోటీసు ఫలితం!

అలాగని జనం చేతులు ముడుచుకు కూర్చోలేదు. కోట కింద రాణీసర్, పద్మసర్ చెరువులు తవ్వారు. 1740ల్లో అభయ్ సింగ్ మహారాజా రాణి తూర్‌జీ కా ఝాల్రా అనే మెట్లబావి కట్టించింది. కొండమీద పడ్డ వాన వృథా పోకుండా కాలవల ద్వారా చెరువుల్లోకి చేరేది, అక్కణ్ణించి నేలలో ఇంకి బావుల్లో ఊరేది. 1929లో ఉమైద్ సింగ్ మహారాజా కొత్త ప్యాలెస్ మొదలుపెట్టిందీ కరువులో జనానికి పని కల్పించడానికే. 1943 దాకా కట్టారు. ఎయిర్‌ఫోర్సు వాళ్ళం ఆయన్ని ఇంకో విధంగా తల్చుకోవాలి. ఆయన స్వయంగా పైలట్. 1930ల్లో యూరప్ నుంచి తూర్పు దేశాలకి పోయే డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు విమానాలు ఇక్కడ దిగేవంటే అది ఆయన చలవే.

1987 కరువు మాత్రం మర్చిపోలేను. రెండు రోజులు ట్యాంకరు రాలేదు. మా పాపకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. మాసా తన కుండ అడుగున మిగిలిన నీళ్ళు తెచ్చి, తెల్లవార్లూ తడిగుడ్డ వేస్తూ కూర్చుందట. పొద్దున నేను వచ్చేసరికి పాప నిద్రపోతోంది, మాసా కుండ బోర్లించి ఉంది. కళ్ళాపి గొడవ ఆ రోజుతో సరి.

1988లో బదిలీ అయింది. 1990ల రెండో సగంలో పంజాబ్‌లోని హరికే నుంచి ఇందిరాగాంధీ కాలవ నీళ్ళు, లిఫ్టు ద్వారా జోధ్‌పూర్ చేరాయి. ఇక బావుల్ని ఎవరు చూస్తారు? ఝాల్రాలో చెత్త పోశారు. తోడేవాళ్ళు లేక భూగర్భజలం పైకొచ్చి, పాత ఊరి సెల్లార్లలోకి నీళ్ళు ఊరడం మొదలైంది. శాపం తిరగబడిందనుకోవాలి.

2019లో ఇద్దరం వెళ్ళాం. ఝాల్రాని బాగుచేశారు, కుర్రాళ్ళు పైమెట్టు నుంచి దూకుతున్నారు. బజారులో ఒక షాపాయన సెల్లార్లో మోటారు పెట్టి నీళ్ళు తోడిస్తూనే మాకు మిర్చీబడా తెప్పించాడు. మన బజ్జీలో లేని బంగాళాదుంప అందులో ఉంటుంది, ఆ ఒక్క తప్పూ క్షమించాను.

ఆ ఇల్లు ఇంకా నీలంగానే ఉంది. మాసా పోయి చాలా ఏళ్ళయిందట. గుమ్మంలో పైపు పెట్టి ఎవరో స్కూటర్ కడిగి, నీళ్ళు వదిలేసి లోపలికెళ్ళారు. నేను తలుపు తట్టేలోపే మా ఆవిడ వెళ్ళి కుళాయి కట్టేసింది.