పొగాకు మరిగిన సీమ

బెజవాడ నుండి హైదరాబాదుకు పోవు రాజమార్గమున, కంచికచర్ల గడచి, మునేటి వంతెన మీదుగా నందిగామ చేరి, అటుపై చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేటకు పోవువారికి దారి పొడవున నల్లరేగడి చేలు కానవచ్చును. ఆ చేలలో ప్రత్తి, మిరప ముఖ్యమైన పైరులు. దారిప్రక్క టీ అంగడి బల్లమీద కూర్చుండి ఒక వృద్ధుడు తలపాగా సవరించుకొని చుట్ట ముట్టించును. ఈ దృశ్యము చూచినవారికి ఇది అనాదిగా ఇక్కడ నున్నదే యని తోచును. కాని ఆ వృద్ధుని నోటనున్న చుట్ట గాని, చేనిలోని మిరప గాని, చేతిలోని టీ గ్లాసు గాని ఈ సీమలో మన ప్రాచీను లెరిగినవి కావు. పొగాకు మన యింటికి వచ్చిన చుట్టము. వచ్చి నాలుగు వందల యేండ్లు మాత్రమే అయినది. ఆ చుట్టము ఇంటి యజమానిగా ఎట్లు మారెనో, మన దేహము దానికి ఎట్లు లోబడెనో నేడు కొంత విచారింతము.

జగ్గయ్యపేట చెంత ధనబోడు అను గుట్టమీద ఒక బౌద్ధ స్తూపము యొక్క శిథిలములు కలవు. 1882లో జేమ్స్ బర్గెస్ వానిని పరిశీలించి లోకమునకు తెలిపెను. అచ్చటి శాసనములు ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ పాలన సంవత్సరము నాటివి, అనగా క్రీ.శ. 3వ శతాబ్దివి. అంతకంటె ప్రాచీనమైన చక్రవర్తి శిల్పఫలక మొకటి అచ్చట లభించి నేడు చెన్నపట్టణపు మ్యూజియమున నున్నది. చక్రవర్తి చేయి పైకెత్తగా మేఘముల నుండి నాణెముల వాన కురియుచుండును. ఏనుగు, గుర్రము, చక్రము మున్నగు రత్నములు చుట్టు కొలువుండును. ఆ శిల్పి తాను భావించిన వైభవమునంతయు రాతిలో పొదిగెను. కాని పొగ త్రాగు మనుష్యుని మాత్ర మతడు కలలోనైనను చూచి యుండడు.

ఏలయన పొగాకు పుట్టినిల్లు అమెరికా ఖండము. మిరపయు అచ్చటిదే. చిత్రమేమన, ఈ రెండును మన వంకాయకు దాయాదులు. మూడును ఒకే కుటుంబమునకు చెందిన మొక్కలు. వంగ మన దేశమున నుండగా దాని దాయాదులు సముద్రమున కావలి యొడ్డున పెరుగుచుండెను. 1492లో కొలంబస్ పయనము తరువాత యూరపు వారికి పొగాకు తెలిసెను. పోర్చుగీసువారు దానిని పశ్చిమ తీరమునకు తెచ్చిరి. 1604 ప్రాంతమున అసద్ బేగ్ అను ఉద్యోగి బీజాపురము నుండి పొగాకును, రత్నములు పొదిగిన హుక్కాను కొనిపోయి అక్బరు చక్రవర్తికి సమర్పించెను. పెద్దలు పరీక్షింపని వస్తువని ఆస్థాన వైద్యుడు వలదనెను. అందులకు అసద్ బేగ్, లోకమందలి ప్రతి ఆచారమును ఒకనాడు క్రొత్తదే కదా యని బదులు పలికెను. ఈ మాట శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. తుదకు మరల దీని కడకు రావలసి యున్నది. అటుపిమ్మట 1617లో జహంగీరు పొగ త్రాగుటను నిషేధించెను. నిషేధము నిలువలేదు, పొగాకు నిలిచెను.

మన తీరమునందు కూడ అది వేళ్లూనుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 17వ శతాబ్ది తొలి పాదమున మచిలీపట్నమున నుండిన ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్వోల్డ్ తన గోల్కొండ రాజ్య వృత్తాంతమున అప్పటికే పొగాకును ప్రస్తావించెను. మచిలీపట్నము నుండి గోల్కొండకు పోవు నాటి బాట ఈ మెట్టసీమ మీదుగనే సాగెడిది. సరకుల బండ్లతో పాటు అలవాట్లును ఆ బాటను నడచి యుండునని ఊహించుట తప్పు కాదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు బేతవోలును పెంపొందించి తన తండ్రి పేర జగ్గయ్యపేట యని పిలిచిన నాటికి పొగాకు తెలుగునాట పాతబడిన వస్తువే. తరువాతి కాలమున మచిలీపట్నము పేర నొక నస్యము ఇంగ్లండు అంగళ్లలో అమ్ముడుపోయెను. రెండు వందల యేండ్లలో పరదేశపు ఆకు మన యూరి పేరుతో మరల పరదేశమునకు పయనమయ్యెను.

ఇంత త్వరగా ఇంతమందిని వశపరచుకొనిన శక్తి ఆ ఆకునం దేమి కలదు? ఈ ప్రశ్నకు సమాధానము చరిత్ర గ్రంథములందు గాక దేహమునందు వెదుకవలెను. 1560లో ఫ్రెంచి రాయబారి జాఁ నికో లిస్బను నుండి ఈ మొక్కను తన దేశమునకు పంపెను. అతని పేరుననే అందలి సారమునకు నికోటిన్ అను నామము కలిగెను. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గున పోసెల్ట్, రైమన్ అను ఇరువురు ఆ సారమును ఆకు నుండి వేరుపరచిరి. 1905లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు లాంగ్లీ, కండరములపై నికోటిన్ చేయు పనిని పరిశీలించి, మందును పట్టుకొను ప్రత్యేక పదార్థము మన కణములందే యుండవలెనని ప్రతిపాదించెను. నేడు వానిని గ్రాహకములందురు. మందు తాళపుచెవి యైనచో గ్రాహకము తాళమువంటిది.

ఆ తాళము మొదట నికోటిన్ కొరకు చేయబడినది కాదు. నాడులు ఒకదానితో నొకటి మాటలాడుటకు దేహము ఎసిటైల్ కోలిన్ అను పదార్థమును వాడును. నికోటిన్ దొంగచెవివలె ఆ తాళమునం దిమిడిపోవును. పొగ ఊపిరితిత్తులకు చేరినచో పది ఇరువది సెకనులలో అది మెదడును తాకును. అడ్రినలిన్ పొంగును, గుండె వేగము హెచ్చును, రక్తనాళములు ముడుచుకొనును, ఆకలి మందగించును. మెదడునందు డోపమిన్ విడుదలయై, ఈ పని మరల చేయుమని మనసునకు బోధించును. రెండు గంటలలో రక్తమందలి నికోటిన్ సగమునకు తగ్గును. అప్పుడు చేయి తనంత తానే రొండిని దోపిన చుట్ట కొరకు వెదుకును.

ఇచ్చట ఆకును ఆరబెట్టు పద్ధతికిని దేహమునకును గల సంబంధ మొకటి చెప్పవలెను. చుట్టలకు వాడు నాటు పొగాకు పొగ క్షారగుణము కలది. కనుక అది నోటి పొరలనుండియే రక్తమున చేరును. లోనికి పీల్చ నక్కరలేదు. పొగాకు నలిపి సున్నము కలుపువారి అనుభవమును ఇదియే. సున్నము క్షారము, అది నికోటినును నోటి నుండి త్వరగా రక్తమునకు అందించును. రసాయనశాస్త్రము చదువని మన పెద్దలు ఈ కిటుకును నాలుకతో కనుగొనిరి. 1920 ప్రాంతమున గుంటూరు మండలమున వర్జీనియా పొగాకు ప్రవేశించెను. దానిని బ్యారనులలో వేడిగాలితో ఆరబెట్టుటచే ఆకునందు చక్కెర నిలుచును. పొగ ఆమ్లగుణము కలదగును. ఆ పొగ నోట సరిగా ఇంకదు. గుండెల నిండ పీల్చవలెను. చుట్ట నుండి సిగరెట్టునకు మారిన తరము పొగను నోటినుండి ఊపిరితిత్తుల లోతులకు దింపెను. 1947లో రాజమహేంద్రవరమున పొగాకు పరిశోధన సంస్థయు, 1976లో గుంటూరు కేంద్రముగ పొగాకు బోర్డును వెలసినవి. ఎందరో రైతుల బ్రదుకు ఈ పైరుతో ముడివడినది. ఆ సంగతి మరచి పొగాకును నిందించుట సులభము, న్యాయము కాదు.

ఇక అసలు విషయమునకు వత్తము. మన భాషలో మరుగుట యను మాట కలదు. రుచి మరిగిన పిల్లి యందుము, పొగ మరిగిన మనుష్యు డందుము. శాస్త్రజ్ఞులు టాలరెన్స్ అని చెప్పుదానిలో సగము ఈ మాటలోనే యున్నది. తాత చుట్టను దొంగతనముగా పీల్చిన బాలునికి తల తిరుగును, చెమటలు పోయును, వాంతి యగును. అది దేహము చేయు హెచ్చరిక. పది దినములు పట్టు విడువకున్నచో ఆ హెచ్చరిక ఆగిపోవును. గ్రాహకములు మాటిమాటికి తట్టబడి మొద్దుబారును. మెదడు వాని సంఖ్యను పెంచుకొనును. పూర్వమొక చుట్ట సరిపోయెడిది, నేడు నాలుగైనను తనివి తీరదు అని వాపోవు వారిని మే మెరుగుదుము. వారి మనోబలము తగ్గలేదు. వారి మెదడున తాళములు పెరిగినవి. పొగ త్రాగిన గాని మనసు కుదుటపడదని వారందురు. నిజమే, కాని ఆ కలతలో ఎక్కువ భాగము వెనుకటి చుట్ట విడిచిపోయినదే.

దీనికి పొలమందే నిదర్శనము కలదు. మంచుతో తడిసిన పచ్చి పొగాకు కోయు కూలీలకు నికోటిన్ చర్మముద్వారా ఎక్కి, వికారము, తలత్రిప్పు, వాంతులు కలుగును. గుజరాతు పొగాకు చేలలో అహమ్మదాబాదు వృత్తి ఆరోగ్య సంస్థవారు దీనిని పరిశీలించిరి. పొగాకు అలవాటున్న కూలీకి ఈ బాధ తక్కువ. అలవాటు లేనివానికి ఎక్కువ. మొదటివాడు బలవంతుడు కాడు. అతని దేహము ముందుగనే ఆ విషముతో రాజీ పడినది.

ఈ నియమము పొగాకు కొక్కదానికే కాదు. కాఫీ, టీలయందలి కెఫీన్ అలసటను తెలుపు అడినోసిన్ అను పదార్థమునకు అడ్డుపడును. నిత్యము త్రాగువారి మెదడు దానికి సర్దుకొనును; ఒకనాటి ఉదయము కాఫీ తప్పినచో తలనొప్పి వచ్చును. ఇది స్వల్పమైన ఉదాహరణము. తీవ్రమైన దొకటి పాలేటికి ఆవలనున్న తెలంగాణమున కనబడినది. అచ్చట కొన్ని తావులలో కల్లునందు ఆల్ప్రజోలామ్, డయజిపామ్ వంటి మత్తుమందులు కలిపి అమ్మిరి. 2015 సెప్టెంబరులో నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో అధికారులు కల్తీని అరికట్టగా వందలకొలది జనులు వణుకు, మూర్ఛలు, మతిభ్రమలతో ఆసుపత్రులకు చేరిరి. తాము మందు మరిగిన సంగతియే వారిలో పెక్కురకు తెలియదు. కల్లు త్రాగితిమనియే తలచిరి. అట్టి మత్తుమందులను వైద్యుని పర్యవేక్షణతో మెల్లమెల్లగా తగ్గించవలెనే కాని తటాలున మానరాదు.

మరిగిన దేహము సురక్షితమైన దేహమని ఎవ్వరును భ్రమపడరాదు. వాంతి ఆగినంత మాత్రమున తారు, కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు ఆగవు. నికోటిన్ కట్టివేయును; పొగ చంపును. ఉత్తరాంధ్రమున స్త్రీలు నిప్పుకొన నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డపొగ అందరెరిగినదే. అచ్చట 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన వ్యాసమున అంగిలిపై కలుగు మార్పులు వివరింపబడినవి. ఆ వేడిని వారి నోరు ఓర్చుకొనెను. అంగిలి మాత్రము ఓర్చుకొనలేదు. కొందరికి అది పుండై, క్యాన్సరై పరిణమించెను.

చట్టములు తమ పని తాము చేసినవి. 2003లో కేంద్ర చట్టము, 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలములందు పొగ నిషేధము వచ్చినవి. కాని జహంగీరు నాటి కథ తెలిసినవారు చట్టము నొకదానినే నమ్ముకొనరు. దేహము సంగతి తెలిసికొనుటయే మేలైన త్రోవ. పొగాకు మానినవానికి తొలి వారము దుర్భరము: చిరాకు, నిదురలేమి, అమితమైన ఆకలి. మూడు నాలుగు వారములకు ఆ బాధ చాలవరకు తగ్గును. కొలది మాసములలో పెరిగిన గ్రాహకములు మునుపటి సంఖ్యకు దిగివచ్చును. మెదడు మరిగినట్లే మరచుటయు నేర్చును. కనుక తొలి వారమున తండ్రి విసుగుకొనిన యెడల ఇంటివారు అలుగరాదు; అది అతని గుణము కాదు, దేహము తీర్చుచున్న పాత బాకీ. ఒకమారు మాని మరల పట్టినవానిని ఎగతాళి చేయరాదు. పెక్కుమంది పలుమారులు ప్రయత్నించియే మానగలిగిరి.

అసద్ బేగు మాట మరల తలచుకొందము. ప్రతి ఆచారమును ఒకనాడు క్రొత్తదే యని అతడు పొగాకును సమర్థించెను. ఆ వాదమే నేడు మన పక్షమున నిలుచుచున్నది. క్రొత్తగా వచ్చినది పోవుటకును వీలున్నదే. ధనబోడు శిల్పి యెరుగని చుట్ట మన మనుమల మనుమలు ఎరుగకపోయినను ఈ మెట్టసీమకు లోటు లేదు. నందిగామ దారిలో ఆ టీ అంగడి బల్ల అట్లే యుండును. వృద్ధులు అట్లే కూర్చుండి లోకాభిరామాయణము చెప్పుకొందురు. వారి మాటల నడుమ దగ్గు మాత్రము వినబడకుండు గాక.